ఒంటి రంగు సంచి

జూన్ 14, శుక్రవారం

మామయ్యా,

ఈరోజు పొద్దున ఆఫీసులో అడుగుపెట్టేసరికి నా బల్ల చుట్టూ జనం! ముందు నీకూ అత్తయ్యకూ నమస్కారాలు. ఆత్రంలో మర్యాద మరిచాను. ఫోనులో అయితే సగంలో జోకేసి పెట్టేస్తావని ఉత్తరం రాసి చెల్లి చేత పంపుతున్నాను.

నేను గీసిన మొదటి హ్యాండ్‌బ్యాగు కుట్టు గది నుంచి వచ్చింది. కాలేజీ తరఫున ఈ బ్రాండులో ట్రైనింగుకు చేరాక, నా గీత ఒక వస్తువై ఎదుట నిలబడటం ఇదే మొదలు. వచ్చేవారం ట్రైనింగు అయిపోతుంది. నన్ను ఉద్యోగంలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఈ సంచిని చూసి తేలుస్తామన్నారు. అందరూ మెచ్చుకోవడానికే వచ్చారనుకుని సిగ్గుపడుతూ నవ్వాను.

శాంపిళ్లు కుట్టే మాస్టారు సంచి ఎత్తి, ఏమయ్యా, ఒంటి రంగు సంచి, అంతా ఒకే రంగు అని రాసిచ్చి ఇదేం వేషం, ఒళ్లు ఆకుపచ్చ, పట్టీ గోధుమరంగు అన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాను. నా కంటికి రెండూ ఒకటే. వేళాకోళం ఆడకండి మాస్టారూ అన్నాను. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆ రెండు తోలు ముక్కలనూ ఎంచి, కాగితానికి అంటించి పంపింది నేనే.

మేడమ్ తన గదిలోకి పిలిచింది. డిజైన్లన్నిటి మీదా ఆవిడ మాటే చివరి మాట. నా పని సరి అనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. గుప్పెడు తోలు ముక్కలు బల్ల మీద పోసి, ఆకుపచ్చవి ఏరమంది. ఏరాను. వాటిని చూసి, వెనక వీధిలో కళ్ల డాక్టరు ఉన్నాడు, చూపించుకుని రా అంది.

డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచాడు. చుక్కల మధ్య అంకెలుంటాయట. చాలా పేజీల్లో నాకు చుక్కలే. వర్ణాంధత్వం అన్నాడు. మాట గంభీరంగా బాగుంది గానీ, అందులో అంధత్వం అన్న ముక్క నాకు మరీ ఎక్కువ. గదికి ఆ చివర వేలాడే దారప్పోగు కూడా కనిపిస్తుంది నాకు!

మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైపోయింది మామయ్యా. నా రంగుల పేపర్ల మీద కాలేజీలో ఎప్పుడూ శ్రద్ధ లేదనే రాసేవారు. నేనూ నమ్మాను. అందుకే చిలకాకుపచ్చ, జేగురు, ముదురు ఊదా అంటూ పేర్లన్నీ పద్యాల్లా బట్టీపట్టాను. ఆ మాటలంటే ఇష్టం కూడా అలాగే పుట్టింది. అశ్రద్ధ కాదు, నా చూపే అంత!

కానీ ఉద్యోగం? బితుకుబితుకుమంటూ తిరిగి వెళ్లాను. మేడమ్ నా సంచిని భుజాన తగిలించుకుని అద్దం ముందు నడుస్తోంది. పట్టీ జారడం లేదు, ఒంటి చేత్తో జిప్పు తెరుచుకుంటోంది, వీటిలో ఏది రంగు చూసి చేశావు అని అడిగింది. ఏదీ కాదన్నాను. తోలు ముక్కల వెనక రంగు నంబరు ఉంటుంది, ఇకనుంచి నంబరు రాయి, అనుమానం వస్తే అడుగు, అడక్కుండా పంపావో అప్పుడు చెప్తా నీ సంగతి అంది. ట్రైనింగు అవగానే ఉద్యోగంలో చేరమంది!

గుమ్మంలోంచి మాస్టారు, రంగుల సంగతి నేను చూసుకుంటాలే, మళ్లీ అంత ఇరుకు జేబు గీశావంటే మాత్రం మిషను నీకే అప్పగిస్తా, కుట్టుకుందువు గాని అన్నాడు. ఎన్ని రోజులకో మనసారా నవ్వాను.

హమ్మయ్య అనుకుంటూ,
నీ మేనల్లుడు

తా.క.: ఇంత రాసి అసలు విషయం దాచాను. ఈ చూపు మగపిల్లలకు తల్లి వైపు నుంచి వస్తుందట. మేనమామ ఉన్నాడా అని డాక్టరు అడిగాడు. ఇంటికొచ్చి చెబితే, కూరగాయలు తరుగుతున్న అమ్మ కత్తి పక్కన పెట్టేసింది. నువ్వు పెయింట్ల కొట్లో పని నెల తిరక్కుండానే మానేసినప్పుడు, వీడికి ఒళ్లు వంగదని అందరికంటే ఎక్కువ తిట్టింది తనేనట. ఎందుకు మానేశావో నువ్వు ఎవరికీ చెప్పలేదట. డబ్బాలు తారుమారు చేశావా మామయ్యా? అవి ఎలా తారుమారయ్యాయో నీకూ అంతుపట్టలేదా? రేపు పొద్దున్నే వస్తాను, ఇద్దరం వెళ్లి ఆ చుక్కల పుస్తకం చూసొద్దాం. అమ్మ కూడా వస్తానంటోంది. చొక్కా మాత్రం నీకు నచ్చిందే వేసుకో.