కుడిఎడమల తికమక

అమ్మా,

ఫోటోలో నా మణికట్టు వాపు చూసి, ఎవరితోనో తగువు పడ్డానని తేల్చేసి నాన్న ఇంటికి వచ్చెయ్యమన్నారట. తగువు కాదు, బాక్సింగ్. ఇన్నాళ్లూ వీడియో చూస్తూ గదిలో ఒక్కదాన్నే నేర్చుకున్నాను. నిన్న కోచ్ దగ్గరికి వెళితే ఆవిడ ఎగాదిగా చూసి, "ఏ చేత్తో రాస్తావమ్మాయ్?" అన్నారు.

"కుడి."

"మరి ఎడమచేతివాళ్లలా నిలబడ్డావేం?"

వీడియోలో మనిషికి ఎదురుగా నిలబడి, అద్దంలో బొమ్మలా తారుమారుగా దించేశానట. మణికట్టు వంచి కొట్టడం వల్లే వాచిందట. కాళ్లు మార్చి నిలబడితే నా ఒళ్లే నాకు పరాయిగా ఉంది. "నేర్చుకున్నదంతా బూడిదలో పోసినట్టేనా?" అంటే, "సగం" అని నవ్వారు. ఏ సగమో అంతుపట్టలేదు.

మణికట్టుకు చుట్టుకోవడానికి, తాతయ్య దగ్గర మోకాలి పట్టీ ఇంకోటి ఉంటే పంపు. చెల్లికి ముద్దులు, నాన్నకు నమస్కారాలు. నేను రావడం లేదు. కోచ్ దగ్గర మొదటినుంచి నేర్చుకుంటాను.