నా మాట, ఆయన గొంతు

జగిత్యాల

ప్రేమగల గీతక్కకు,

మొన్న ఫోన్‌లో నువ్వు, "శ్రీహరి సినిమాల గురించి ఎంత మంచిగ చెప్తడే" అని మెచ్చుకున్నావు. ఆయన పక్కనే ఉన్నాడు, నవ్వి ఊరుకున్నాను. నా ఫోన్ ఆయన కూడా చూస్తాడు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

అక్కా, ఆ మాటలు మా ఆయనవి కావు, నావి. రెండేళ్లుగా కొత్త సినిమా రాగానే ఇద్దరం వెళ్తాం. ఇంటికొచ్చి నేను నోటుబుక్కులో రాస్తాను. ఆయన అది బట్టీపట్టి యూట్యూబ్‌లో చెబుతాడు. మొదట్లో నాకూ సరదాగానే ఉండేది.

ఈసారి అవార్డులు చూశాక కడుపు మండింది. ఉత్తమ నటి బహుమతి అందుకున్నావిడ సినిమా అంతా కాటుక చెదరకుండా ఏడ్చింది. ఒక చిన్న సినిమాలో బీడీలు చుట్టే తల్లి వేషం వేసినావిడ పేరు మాత్రం పోటీలో కూడా లేదు. కొడుకు పోయాడని వచ్చి చెబితే, ఆవిడ చేతిలోని బీడీని పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టాకే తలెత్తింది. మన ఆడవాళ్ల చేతులు అంతే, ఏం విన్నా ఆగవు. అదే రాశాను. శ్రీహరి అదంతా చెప్పి, చివర్లో "అయినా అవార్డు రావాల్సినోళ్లకే వచ్చింది" అన్నాడు. ఎందుకలా అన్నావని అడిగితే, ఆ హీరోయిన్ అభిమానులు తిడతారన్నాడు.

ఆదివారం సిరిసిల్లలో సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. ఇంత లోతుగా ఎలా చెబుతావని మైకులో అడిగారు. "చిన్నప్పటి సంది గంతే, చూస్తే సమజైతది" అన్నాడు. నేను మూడో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను, అక్కా.

రాయడం మానేద్దామనిపిస్తుంది. మానేస్తే నన్ను సినిమాకు తీసుకుపోడు. నేను గడప దాటేది ఆ సినిమాల పేరు మీదే. ఏం చేయాలో తోచడం లేదు.

నీ చెల్లె,
నవనీత

*

జగిత్యాల

అక్కా,

"రాయకు" అని ఒక్క మాటే రాసి పంపావు. మానేశాను. మూడు సినిమాలకు ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు. ఫోన్ ముందు కూర్చుని, కథ చెప్పి, ఆగిపోయేవాడు. రాయమని బతిమాలాడు, కోప్పడ్డాడు. నేను రాయలేదు.

నిన్న ఆయన దోస్తులు వచ్చి, ఇదివరకటిలా ఎందుకు చెప్పడం లేదని అడిగారు. తీరిక లేదన్నాడు. మా అత్తమ్మ ముత్తవ్వ గోడ పక్కన బీడీలు చుడుతోంది.

"వాడెన్నడన్న బీడీకి దారం కట్టిండా? గా తల్లి ముచ్చట నవనీతది. నేను గప్పుడే గుర్తువట్టిన" అంది తలెత్తకుండా.

దోస్తులు చాయ్ తాగకుండానే లేచారు. శ్రీహరి వాళ్లను వాకిలి దాకా సాగనంపి, లోపలికొచ్చాడు.

"వీడియోల గొంతు నీది పెడుదం. మొఖం నాదే ఉండనీ. నలుగురు ఏమంటరో."

"నా మొఖం పెడితెనే. లేకుంటే రాయ" అన్నాను.

ఆయన ఫోన్‌ను స్టాండుకు పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు. ఆయన ముందు చెప్పలేనని బయటికి వెళ్లమన్నాను. వెళ్లాడు. నా పేరు చెప్పి, ఆ అవార్డు తప్పని చెప్పాను.

పొద్దున్నుంచీ వీడియో కింద ఒకటే తిట్లు. వంటచేసుకోక నీకెందుకన్నారు, ఇంకా రాయరానివి అన్నారు. రేపటి సినిమాకు కూడా ఆయన తీసుకుపోతేనే పోవాలి. కానీ ఒక్క తిట్టు కూడా శ్రీహరికి రాలేదక్కా. అన్నీ నా పేరు పెట్టే తిట్టారు.

నీ నవనీత