జానతో కొలిచిన పిల్ల

కోరుట్ల

ప్రియమైన చెల్లె అనురాధకు,

ఫోన్ చేస్తే మధ్యలో అడ్డం పడతావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఈసారి ఐటీఐలో నా కుట్టు క్లాసుకు దొరికిన మందను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. పది పాసై వచ్చారట, అరంగుళం అంటే ఏమిటో తెలియదు! రుద్రంగి పిల్ల ఒకతి, పద్మ అట, టేపు పక్కన పడేసి జానతో జాకెట్టు గుడ్డ కొలిచింది. ఆ జాకెట్టు పసిపిల్లకు కూడా పట్టదు. ఇదేమిటంటే, "మా అవ్వ గిట్లనే కొలుస్తది సార్" అంది. "అయితే మీ అవ్వ పక్కన కూసొని బీడీలు చుట్టుకో పో" అని పంపేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదే ఓపిక నాకు లేదు.

నీ అన్న,
ధనుంజయ్

సిరిసిల్ల

ప్రియమైన అన్నకు,

అన్నీ వచ్చినవాళ్లకే నేర్పేటట్టయితే ఐటీఐ ఎందుకు, నీకు జీతమెందుకు? ఆ పిల్లను పిలిపించి ఇక్కడి ఐటీఐలో, నా క్లాసులో ఖాళీగా ఉన్న సీటులో చేర్చాను. బీడీలు చుట్టే వాళ్లమ్మ సత్యవ్వ ఒక్కటే మాట చెప్పింది. "ఈడ కూడ ఎల్లగొడితె బీడీల చాట ముందల కూసుంటది మేడం, మల్ల లెవ్వది."

నిన్న అందరినీ ఒకే బల్లను ఎవరి జానతో వాళ్లను కొలవమన్నాను. ఒకరి లెక్క ఇంకొకరితో కలవక ఒకటే కొట్లాట. చివరికి పద్మే లేచి టేపు అందుకుంది. రోజూ పొద్దున ముందుగా వచ్చి వాళ్లకు భిన్నాలు చెబుతున్నాను. నీ ఓపిక సంగతి నాకెందుకు తెలియదు, వదిన ఎట్లా భరిస్తోందో పాపం.

నీ చెల్లె,
అనురాధ

కోరుట్ల

ప్రియమైన చెల్లెకు,

ఏడాదిపాటు నువ్వు చేసిన ఘనకార్యం చూద్దామనే మొన్న మీ దగ్గరికి ఎగ్జామినర్‌గా వచ్చాను. కిటికీ పక్క మిషను మీద ఒక అమ్మాయి కత్తెర పెట్టేముందు కొలత మళ్లీ చూసుకుంది. ఆమె కుట్టిన జాకెట్టుకు చంక దగ్గర ఒక్క ముడత లేదు. హాల్‌టికెట్ నంబరు చూసి, అందరికంటే ఎక్కువ మార్కులు వేశాను. పిల్లలంటే అలా ఉండాలి. నీ జానల ఆటతో వచ్చే పని కాదది, పుట్టుకతో రావాలి. నా మొద్దులకు నేర్పడానికి ఒక మనిషి కావాలి, ఆమెను పంపు. అన్నట్టు, ఆ బీడీల పిల్ల ఏమైంది? ఈపాటికి మానేసే ఉంటుంది.

ధనుంజయ్

సిరిసిల్ల

ప్రియమైన అన్నకు,

ఆ కిటికీ పక్క పిల్లే పద్మ. నీకు నమస్తే కూడా పెట్టింది, నువ్వు కుట్టు తప్ప మనిషిని చూడలేదు. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను, పుట్టుక మాటతో సహా. కోరుట్లకు పోతావా అని అడిగితే మిషను ఆపకుండానే జవాబిచ్చింది.

"నేను పోను మేడం. సార్ ఎల్లగొట్టెటి పిల్లలుంటె ఈడికే పంపుమనుండ్రి, నేను నేర్పిస్త."

మా దగ్గర సీట్లు ఉన్నాయి. పంపు.

అనురాధ