శనివారం కొట్టిన చావుగంట

పాస్టరు అయ్యగారికి, మన గుడి గంట కొట్టే ఇశ్రాయేలు భార్య వందనాలు. బెజవాడ మీటింగులు వదిలేసి, ఈ ఉత్తరం తెచ్చిన అంతోనితోనే బయల్దేరి రండి.

రాజస్థాన్ ఎడారిలో మనవాళ్ళు అణుబాంబు పేల్చారని శనివారం రేడియోలో చెప్పగానే, ఊరంతా కాలవగట్టు మీద టపాకాయలు కాల్చింది. మా ఆయన మాత్రం గుడికి వెళ్ళి చావుగంట కొట్టారు. పట్టాళంలో ఉండగా, యుద్ధం అయ్యాక జపాను పంపితే హిరోషిమా బూడిద తొక్కి వచ్చిన మనిషి కదండీ. జనం పరుగెత్తుకొచ్చారు.

"ఎవరు పోయారు, ఇశ్రాయేలూ?"

"ఇంకా పోలేదండీ, పోతారు. మనం బాంబు చేశాం కదా, ఇక పక్కదేశాలూ చేస్తాయి."

"దేశద్రోహీ! అది శాంతి కోసంరా!" అంటూ గంట తాడు కోసి, దాంతోనే ఆయన చేతులు కట్టేశారు. శాంతి, శాంతి అని అరుస్తూనే తల పగిలేదాకా కర్రలతో బాదారు. మొదటి దెబ్బ మన పాటల జట్టు సంజీవరావుదే. అడ్డం వెళితే నా పళ్ళు రాలగొట్టాడు.

ఈ ఉదయం ఆయన పోయారు. ఈ ఎండలకు శవం ఆగదు, త్వరగా రండి. పాటకు సంజీవరావును మాత్రం పిలవకండి.

ఆ నెత్తుటి తాడే మళ్ళీ ముడేసి చావుగంట నేనే కొట్టాను. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను. ఈసారి ఎవరు పోయారని అడగడానికి ఒక్కరూ రాలేదండీ.