రాయి కింద పొట్లాలు

బావగారికి,

ఈసారి కొండ ఎక్కడానికి కూడా తిండి పొట్లాలు నన్నే కట్టమన్నారట. కట్టను.

పోయినసారి బరువు కాకూడదని పళ్లు ఎండబెట్టి, పిండి వేయించి, మన ముగ్గురికీ నాలుగు రోజులకి సరిపడా తూచి మీ సంచిలో సర్దాను. రెండో రోజుకే, "అయిపోయాయి, నీ చెల్లెలికి లెక్క రాదు" అని అక్కని దెప్పారు. అక్క తన జేబులోని గుప్పెడు పల్లీలు కూడా మీకే పెట్టి, మర్నాడు దారిలో కళ్లు తిరిగి పడిపోయింది.

దిగేటప్పుడు నీళ్ల కోసం పక్కకి వెళితే, ఆ పొట్లాలే ఒక రాయి కింద చీమలు పట్టి కనిపించాయి. మోయలేనని ఒక్క మాటంటే నేను మోసేదాన్ని కదా!

అక్క బాధపడుతుందని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఈ ఉత్తరం అంటించకుండా ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మీ మరదలు