రేలీన్ అన్న పేరులో ఇద్దరు

2009 ఏప్రిల్ 6, సోమవారం
మాలీ, విక్టోరియా, ఆస్ట్రేలియా

చిరంజీవి టీగన్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. నీ కాన్పుకు ఇంకా పందొమ్మిది రోజులుంది. నిన్న ఫోన్‌లో నువ్వు, పుట్టే పాపకు రేలీన్ అని నా పేరు పెడతానంటే "నీ ఇష్టం" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఇవాళ రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వాన మొన్న పన్నెండు మిల్లీమీటర్లు పడింది, విత్తడానికి చాలదు. మీ ఆయన బ్రెట్‌కు దగ్గు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపు, తేనె నాకించడం వైద్యం కాదు. మూడోది, నా పేరుకు అర్థం. నీ పేర్ల పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. రే అన్నది రేచెల్‌కు ముద్దుపేరు, రేచెల్ అంటే హీబ్రూలో ఆడగొర్రె. లీన్ అన్నది వేరే పేర్ల నుంచి తెచ్చి అతికించిన తోక. పక్క పొలం లెస్‌కు ఇది చెప్పి తప్పు చేశాను.

"అయితే ఉన్ని కత్తిరించే వరసలో నిలబడు టీచరమ్మా, నీ వంతూ వస్తుంది!" అని కంచె మీద వాలి నవ్వాడు.

"ముందు నీ గడ్డం కత్తిరించుకో," అన్నాను.

అయితే ఆ పుస్తకం రాసినవాళ్లు మా అమ్మను ఎరగరు. నాకంటే ముందు అమ్మకు ఇద్దరు పిల్లలు. రేమండ్‌కు ఎనిమిదేళ్లు, ఆర్లీన్‌కు అయిదు. ఇంట్లో రే, లీన్. 1937 జనవరిలో, ఎండకు తాళలేక, గొర్రెలు నీళ్లు తాగే గుంటలో దిగారు, మళ్లీ పైకి రాలేదు. మరుసటేడు నేను పుట్టాను. అమ్మ రెండు పేర్లూ కలిపి నాకు పెట్టింది. వాళ్ల సమాధి మీద రాయి పెట్టనివ్వలేదు. "పిల్లలు ఇంట్లోనే ఉన్నారుగా," అనేదట నాన్నతో.

మన వైపు పిల్లల్ని పొలం అవతలి నుంచి పేరు సాగదీసి కేకేస్తారు. అమ్మ మధ్యలో ఆగేది. "రే..." అని గుంట వైపు చూసేది. ఊపిరి తీసుకుని "లీన్..." అనేది. నేను వచ్చి ఎదురుగా నిలబడినా అటే చూస్తూ ఉండేది. తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు అరిచాను: "వాళ్లు రారమ్మా! నేనొక్కదాన్నే!" ఆ తర్వాత అమ్మ నన్ను పేరుతో పిలవలేదు. "ఏయ్", "నిన్నే", అంతే. ఇరవై నాలుగేళ్లు.

మీ అమ్మకు కూడా చెప్పనిది ఒకటుంది. 1971లో, ఆసుపత్రిలో, చివరి రోజు అమ్మ కళ్లు తెరిచి, "ఇద్దరూ వచ్చారా?" అంది.

"వచ్చామమ్మా," అన్నాను.

"ఎంత తడిసిపోయారే," అని నా జుట్టు నిమిరింది. జుట్టు పొడిగానే ఉంది.

అబద్ధం ఆడనని పిల్లల చేత వందేసి సార్లు రాయించిన దాన్ని నేను. ఆ రోజు చెప్పింది అబద్ధమని మాత్రం ఇప్పటికీ గట్టిగా అనలేను. నిన్న నువ్వు సరదాకి ఆ పేరు సాగదీసి పిలిచినప్పుడు, ఫోన్ చెవిన పెట్టుకునే కిటికీలోంచి గుంట వైపు చూశాను.

కాబట్టి ఇక జరగవలసినవి:

1. ఆ పేరు పాపకు పెట్టకూడదు. మధ్య పేరుగా కూడా వద్దు.

2. మీ అమ్మకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించాలి. నా నోటితో నేను చెప్పలేను.

3. రే, లీన్‌ల సమాధికి నేను రాయి చేయిస్తున్నాను. రెండు పేర్లూ వేర్వేరు వరసల్లో ఉండాలి. ఈ లోపు నాకేమైనా అయితే ఆ పని నీది.

4. పాప పుట్టాక, మీరు పెట్టిన పేరుతో, నాకు ఫోన్‌లో వినబడేలా కేకేసి పిలువు. ఒక్క పిల్లే పలకాలి.

ఇట్లు,
నీ అమ్మమ్మ