విలోటియె సంతకం

బెల్‌గ్రేడ్, 3 మార్చి 1898

ప్రియమైన నాన్నగారికి,

ఇరవై అయిదేళ్లుగా గొంతులోనే ఉండిపోయిన ప్రశ్న ఇది: పత్రికకు బాధ్య సంపాదకుడిగా సంతకం పెట్టమన్నప్పుడు, దానికి అర్థం జైలేనని విలోటియె బాబాయికి చెప్పారా?

వ్యాసాలు మీవి, మీ లిబరల్ మిత్రులవి. పేరు మాత్రం గుర్రపు జీనులు కుట్టుకునే ఆయనది. కోర్టులో ఆయన తరఫున మీరు మూడు గంటలు వాదించారు. ఆయన పద్నాలుగు నెలలు జైల్లో ఉండి, దగ్గుతో తిరిగొచ్చి, నెలలోపే పోయాడు.

నిన్న ఆయన భార్య స్తమేనా పిన్ని వచ్చింది. జ్ఞానస్నానమప్పుడు ఆ ఇంటి బిడ్డలను ఎత్తుకుని నిలబడే కుమ్‌లు మనమే కదా. మీకు పెద్దతనం వచ్చింది కాబట్టి, ఈసారి మనవడికి నన్ను నిలబడమంది. ఈస్టర్ తర్వాతి ఆదివారం. వాడికి తాత పేరే పెడతారట. జవాబు తెలియకుండా వాణ్ణి ఎలా ఎత్తుకోను?

మీ పెర్సిడా

స్మెదెరెవో, 11 మార్చి

చిట్టితల్లికి,

ద్రాక్ష తీగలు కత్తిరిస్తున్నాం. నడుము పట్టేసింది. ఆ రోజుల్లో ప్రతి పత్రికకూ అలాంటి మనిషి ఒకడుండేవాడు. రాసేవాళ్లందరూ జైల్లో కూర్చుంటే రాసేదెవరు? ఆ కేసు వల్లే అసెంబ్లీలో పత్రికల చట్టం గురించి నోరు విప్పగలిగాం. నా జ్ఞాపకాల పుస్తకంలో విలోటియెకు ఒక పేజీ పూర్తిగా ఇచ్చాను. జ్యూరిక్‌లో పెద్ద చదువులు చదివినదానివి, నీకు వేరే చెప్పాలా?

నాన్న

బెల్‌గ్రేడ్, 15 మార్చి

నాన్నగారూ,

నడుముకు వేడి ఇటుక కాపడం పెట్టించుకోండి. నేను చట్టం గురించి అడగలేదు. చెప్పారా, లేదా అన్నాను. కోర్టులో ఏ సాక్షినైనా ఇలా జారుకోనిచ్చేవారా?

పిన్ని మళ్లీ వచ్చింది. పిల్లాడికి టోపీ అల్లుతూ, "ఏమే, పసివాణ్ణి ఎత్తుకోవడానికి కూడా పుస్తకాలు తిరగెయ్యాలా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పెర్సిడా

స్మెదెరెవో, 6 ఏప్రిల్

పెర్సిడా,

మూడుసార్లు రాసి చించేశాను.

చెప్పబోయాను. "విలోటియె, ఈ కాగితం వల్ల..." అన్నానో లేదో, చెయ్యి అడ్డం పెట్టాడు. "నా కొడుకుని నీళ్లలోంచి ఎత్తుకున్నవాడివి. నువ్వడిగితే నేను కారణం అడుగుతానా? ఎక్కడ పెట్టాలో చూపించు" అన్నాడు. చూపించాను.

ఆయనే నన్ను ఆపాడని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆపుతాడని తెలిసే వెళ్లానమ్మా. అందుకే వకీలు సంచీ ఆఫీసులో వదిలేసి, రొట్టె, సారా సీసా పట్టుకుని కుమ్‌లా ఆ గడప తొక్కాను. వకీలులా వెళ్లుంటే అంతా విడమరచాల్సి వచ్చేది.

ఆ పేజీ తీసేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియడంలేదు.

నాన్న

బెల్‌గ్రేడ్, 12 ఏప్రిల్

నాన్నగారూ,

ఇవాళ వాణ్ణి ఎత్తుకున్నాను. మన దగ్గర కుమ్‌ల మధ్య అడిగిన మాటను కాదనలేరన్న ఆచారాన్ని ఇన్నేళ్లు తిట్టుకున్నదాన్ని, పిన్ని అడిగితే నేనూ కాదనలేకపోయాను. ప్రీస్టు అడిగిన ప్రతిదానికీ వాడి తరఫున నేనే జవాబు చెప్పాను. వాడికి ఏమీ తెలియదు, నిద్రపోతున్నాడు.

మీ ఉత్తరం సంచీలోనే ఉంది. భోజనాల దగ్గర మాంసం వడ్డిస్తూ పిన్ని ఆగి, "మీ నాన్న ఆ రోజు కోర్టులో మా ఆయన కోసం మాట్లాడిన మాటల మీదే ఇన్నాళ్లూ బతికానే" అంది. నేను సంచీ తెరవలేదు. అలా కాపాడింది ఆమెనో మిమ్మల్నో నాకు తెలియదు. ఆమెకు చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

పెర్సిడా